మెహందీ గిట్టలో మూడో మేకు

1944వ సంవత్సరం. సిద్దిపేటలో మెదక్ పోయే బాట మొదట్లో మా దుకాణం ఉండేది. దుకాణమంటే నాలుగు గుంజలు, పైన రేకులు, ఒక కొలిమి, ఎదురుగా ఎద్దులను పడగొట్టడానికి ఇసుక పోసిన జాగ. నేను నాల్బందును, అంటే గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టేవాణ్ని. మా బాపు కమ్మరి. ఆయన దగ్గర ఇనుము పని నేర్చుకుని, తర్వాత హైదరాబాదులో ఒక ముసలి నాల్బంద్ దగ్గర మూడేళ్లు గుర్రాల కాళ్లు పట్టుకుని వచ్చాను. అందుకని ఊరంతా నన్ను ఉస్తాద్ అనేది. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ఆ పిలుపు తలకెక్కడానికి సరిగ్గా సరిపోయే వయసు.

తర్వాత చాలా ఏళ్లు సర్కారు పశువుల దవాఖానలో పనిచేశాను గనుక ఈ పనిలోని ఇంగ్లీషు మాటలు డాక్టర్ల నోట విని నేర్చుకున్నాను. ఆ రోజుల్లో అవేవీ తెలియవు. చేతికీ చెవికీ తెలిసిందే నాకూ తెలుసు.

ముందు ఈ పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. గుర్రపు గిట్ట మన గోరు లాంటిదే. బయటి అంచు చచ్చిన గోరు. కోసినా, మేకు దింపినా నొప్పి ఉండదు. లోపల ఉండేది ప్రాణమున్న మాంసం. కాలు ఎత్తి అడుగున చూస్తే రెండింటి మధ్య సన్నని తెల్లటి గీత కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని వైట్ లైన్ అంటారు. మేకు ఆ గీతకు బయటే దిగి, గిట్ట గోడలోంచి పైకి తేలాలి. తేలిన కొనను తుంచి, వంచి, అణచాలి. దాన్ని క్లించ్ అంటారు. మేకు గీత దాటి లోపలికి పోతే నెత్తురు వస్తుంది, ఎవరికైనా తెలుస్తుంది. దాటకుండా గీతను ఆనుకుని దిగిందనుకోండి, అప్పుడే చిక్కు. నెత్తురు రాదు, గుర్రం ఆ రోజు కుంటదు కూడా. కొన్ని రోజులు పోయాక లోపల ఒత్తుకుని నొప్పి మొదలవుతుంది. దీని పేరు నెయిల్ బైండ్.

కంటికి కనబడని దాన్ని పట్టుకోవడానికి మాకు చెవి ఉంది. మేకు మంచి గోరులో దిగుతుంటే సుత్తి కింద ఖణఖణమంటుంది. లోపలికి జరుగుతుంటే మెత్తగా, దబ్బుమని పలుకుతుంది. నాకు పని నేర్పిన ఆ ముసలి ఉస్తాద్ కళ్లు మసకబారాక కూడా చెవితోనే పని వెళ్లదీశాడు. దబ్బుమన్న మేకును అప్పటికప్పుడు పీకెయ్యాలన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

ఇక మెహందీ సంగతి. సిద్దిపేటలో కాశీనాథం సేటు చింతపండు, పల్లికాయ వ్యాపారం చేసేవాడు. నారాయణరావుపేట దిక్కు నుంచి వచ్చే చింతపండంతా ఆయన కొట్టులోనే దిగేది. ఆయన బండ్ల ఎద్దులన్నింటికీ లాడాలు నేనే కొట్టేవాణ్ని. మా పొయ్యి సగం ఆయన దయవల్లే మండేది. మంచివాడే, కానీ మాట ఒకసారి నోటి నుంచి జారిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. సాటి వర్తకులు భూములు కొంటుంటే ఈయన రేసు గుర్రాన్ని కొన్నాడు. మూడేళ్ల ఆడగుర్రం. పండిన గోరింటాకు రంగు. అందుకే మెహందీ అని పేరు. హైదరాబాదులో ఒక ట్రైనర్ దగ్గర ఉంచి పరుగు నేర్పించాడు. దాన్ని తోమి, మేపి, నడిపించే సాయిసు ఎల్లయ్య. మద్దూరు మనిషి. నలభై దాటినవాడు, మాట తక్కువ, బీడీ కూడా గుర్రానికి దూరంగా పోయి తాగేవాడు.

ఆ వానాకాలం మలక్‌పేట మైదానంలో మెహందీ రెండు పందాలు వరుసగా గెలిచింది. ఇంకేముంది, సిద్దిపేటకు పిచ్చెక్కింది. పెట్రోలు కరువై బొగ్గుతో నడిచే బస్సులో హైదరాబాదు నుంచి ఉర్దూ పత్రిక వచ్చేది. బస్సు ఆగే చోట గఫూర్ సాబ్ చాయ్ హోటల్. ఉర్దూ బడి వెంకట్రామం పంతులు పత్రిక విప్పి పైకి చదివి, తెలుగులో విప్పి చెప్పేవాడు. పక్కన దర్జీ నర్సయ్య, ఎదురుగా గఫూర్ సాబ్, చుట్టూ చాయ్ తాగేవాళ్లు, తాగనివాళ్లు. మెహందీని వాళ్లలో ఒక్కరు కూడా కంటితో చూసి ఎరగరు. అయినా అది ఏ కాలు ముందు పెడుతుందో, ఎన్ని అడుగుల తర్వాత ఊపందుకుంటుందో ఒక్కొక్కడు సొంత బిడ్డ గురించి చెప్పినట్టు చెప్పేవాడు. నేనూ అక్కడే కూర్చునేవాణ్ని. వాళ్ల మీద నవ్వుకుంటూ వాళ్లకంటే ఎక్కువే మాట్లాడేవాణ్ని.

దసరా వచ్చింది. మెహందీని జమ్మిచెట్టు దాకా ఊరేగించాలని సేటుకు బుద్ధి పుట్టింది. ఊరి జనం చూడాలి, ఆయన తల్లి చేత్తో దానికి బొట్టు పెట్టాలి. ట్రైనర్ వద్దన్నాడట. సేటు చెవిన వేసుకోలేదు. యుద్ధం రోజులు, లారీ దొరకలేదు. ఎల్లయ్య నాలుగు రోజులు నడిపించుకుని వచ్చాడు. బాట కంకరకు రేసు లాడాలు రేకుల్లాగా అరిగిపోయాయి.

మహానవమి నాడు పొద్దున సేటు స్వయంగా మా దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, పిల్ల కాళ్లు చూడు. జమ్మికాడికి పోయేటప్పుడు కొత్త లాడాలు మెరవాలె. గా లాడాల తోటే మళ్ల రేసుల ఉరకాలె. పట్నపోల్లు చూడాలె మన సిద్దిపేట పనితనం."

"రేసు లాడాలు తేలిక లోహంతోటి జేస్తరు సేటూ. లడాయి మూలంగ అది దొరుకుతలేదు."

"అక్కడ గూడ దొరుకుతలేదు. నువ్వే ఇనుముతోటి పల్చగ కొట్టు. నీకు చేతగాదా?"

చేతగాదా అన్న తర్వాత చేతకాదని చెప్పేంత తెలివి నాకు ఆ వయసులో లేదు. సంతోషంతో ఒళ్లు మరిచాను. మలక్‌పేటలో నేను కొట్టిన లాడాలతో గుర్రం పరుగెత్తడమంటే మాటలా? సన్నని పట్టీ తీసి, కాల్చి, సాగగొట్టి నాలుగు లాడాలు చేశాను. ఇప్పటికీ చెబుతాను, లాడాల్లో తప్పు లేదు. అంత మంచి లాడాలు ఆ తర్వాత కూడా ఎన్నో చేయలేదు.

మెహందీని అప్పుడే దగ్గరగా చూడడం. టాంగా గుర్రాల గిట్టలు రాళ్లలా ఉంటాయి, గోడ మందం. దీని గిట్ట గోడ పల్చన, తమలపాకు తొడిమ తగిలినా గీసుకుంటుందేమో అన్నట్టు ఉంది. మేకుకు చోటు తక్కువ. మెల్లగా పని చేయాల్సిన గిట్ట అది. కానీ ఆ రోజు మెల్లగా చేయడానికి లేదు. మహానవమి, ఆయుధపూజ. మా ఇళ్లలో ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొలిమి ముందు పీట మీద పేర్చుతాం. ఒకసారి పూజకు పెట్టిన పనిముట్టును దసరా దాటేదాకా ముట్టం. ముడితే ఆ ఏడంతా చేతికి కీడు అని మా అవ్వ, అంటే మా అమ్మ, నమ్మకం. మా అందరి నమ్మకం కూడా.

మూడు కాళ్లు అయ్యాయి. నాలుగోది కుడి ముందుకాలు. పాత లాడాలు పీకే పటకారుతో పని అయిపోయిందని అవ్వ దాన్ని అప్పటికే కడిగి పీట మీద పెట్టింది. నా చేతిలో సుత్తి ఒక్కటే మిగిలింది.

"లచ్చయ్యా, పొద్దు తిరుగుతున్నది. సుత్తె గూడ తేరా బిడ్డా," అని అవ్వ లోపలి నుంచి పిలిచింది.

కుడి గిట్ట లోపలి వైపు మూడో మేకు. నాలుగు దెబ్బలు ఖణఖణమన్నాయి. ఐదో దెబ్బ దబ్బుమంది.

మెహందీ తల పట్టుకుని నిలబడ్డ ఎల్లయ్య నా వైపు చూశాడు. "ఉస్తాద్, చెవి కదిలిచ్చింది."

"ఈగ వాలింది తియ్యి," అన్నాను.

నా చెవి అబద్ధం చెప్పలేదు. నేనే చెప్పాను. మేకు పీకాలంటే పటకారు కావాలి. పటకారు పసుపు పూసుకుని పీట మీద ఉంది. అవ్వను పిలిచి, పూజకు పెట్టినదాన్ని ఎత్తి ఇవ్వమని అడగాలి. వాకిట్లో సేటు, సేటు వెనక పది మంది. నెత్తురు రాలేదు కదా, కుంటడం లేదు కదా, దసరా దాటగానే పీకి వేరే మేకు కొడదామనుకున్నాను. కొన తుంచి, క్లించ్ చేసి, సుత్తి తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టాను.

దసరా నాడు మెహందీ మెడలో బంతిపూల దండతో జమ్మిచెట్టు దాకా నడిచింది. ఒక్క అడుగు తేడా లేదు. జనం నా లాడాలు చూసి మెచ్చుకున్నారు. దర్జీ నర్సయ్య మాత్రం దాని చుట్టూ తిరిగి, జీను కింద వచ్చే చోట వెంట్రుకల సుడి ఒకటి ఉందని, అది మంచి సుడి కాదని గొణిగాడు. గుర్రాలు కొనేటప్పుడు సుడులు చూడడం మా దగ్గర ఆనవాయితీ. నేను ఆయన మీద ఒక జోకు వేసి నవ్వించాను. మరునాడు పొద్దున పటకారు నడుముకు దోపుకుని సేటు కొట్టుకు పోయాను. చింతపండు లారీ దొరికిందని తెల్లారకముందే మెహందీని ఎక్కించి పంపేశారు.

అప్పుడైనా సేటుతో ఒక మాట చెప్పాల్సింది. పట్నానికి ఒక కార్డు ముక్క రాసి పడేసినా ట్రైనర్ ఆ మేకు పీకించేవాడు. రాయలేదు. సిద్దిపేట ఉస్తాద్ తాను కొట్టిన మేకును తానే పీకమని రాశాడంటే పట్నంలో నవ్వరా అనిపించింది. పండుగ నన్ను ఆపింది ఒక్క రోజే. ఆ తర్వాత పందెం దాకా అన్ని రోజులూ నన్ను ఆపింది నా గర్వం.

దసరా దాటిన పన్నెండో రోజు పందెం. పత్రిక మరునాడు వచ్చింది. పంతులు విప్పి, ముందు తనలో తనే చదువుకున్నాడు.

"ఐదో నంబరు," అన్నాడు చివరికి.

తర్వాత మొదలైంది వాదన. మూడు రోజులు జరిగింది. నేను విన్న వాదనలన్నింటిలోకీ అంత తెలివైనది, అంత పనికిరానిది ఇంకొకటి లేదు.

"హ్యాండికాప్ అంటే తెలుసా మీకు?" అన్నాడు పంతులు. "రెండు గెలిచిన గుర్రం మీద బరువు పెంచుతరు. జీనుల సీసం బిళ్లలు పెడ్తరు. పిల్ల గుర్రం, అంత బరువు ఎట్ల మోస్తది?"

"బరువు గాదు, దూరం," అన్నాడు గఫూర్ సాబ్. "ముందు రెండు పందాలు పొట్టియి. గిది లంబా దౌడ్. ఊపిరి సాల్లేదు."

"జాకీ లగాం గుంజిండు," అన్నాడు ఇంకెవరో.

"మీకెవ్వలికి సుడి యాదికి రాదా?" అన్నాడు నర్సయ్య. "నేను ఆనాడే చెప్పిన. గీ ఉస్తాదే నన్ను నవ్వులపాలు జేసిండు."

అందరూ నా వైపు తిరిగారు. నేను పంతులును ఒక్కటే అడిగాను. "ఎక్కడిదాక ముందున్నదట పంతులూ?"

పంతులు మళ్లీ చదివాడు. మలుపు దాకా మెహందీయే ముందు. మలుపులో అడుగులు పొట్టివై బయటి అంచుకు జరిగిపోయింది. ఆ తర్వాత కోలుకోలేదు.

మలక్‌పేటలో గుర్రాలు కుడివైపుకు తిరుగుతాయి. మలుపులో బరువంతా లోపలి కాలి మీద పడుతుంది. లోపలి కాలంటే కుడి ముందుకాలు. చాయ్ అలాగే వదిలేసి లేచి వచ్చేశాను. వెనక నుంచి నర్సయ్య, "సుడి మాట ఎత్తంగనే ఉస్తాద్ ఉరికిండు," అనడం వినిపించింది.

మూడో రోజు సేటు హైదరాబాదు నుంచి తిరిగి వచ్చాడు. పందెం ఆయన కళ్లారా చూశాడు. బస్సు దిగి నేరుగా హోటల్లోకి వచ్చి కూర్చుని, ఎవరూ అడగకుండానే తీర్పు చెప్పాడు.

"ఎల్లిగాడు నీళ్లు తాపిండు. పందెం పొద్దున వాడు బకెట్ పట్టుకొని పిల్లకాడ కూసున్నది ఇద్దరు చూసిన్రు. ఎవ్వనికో అమ్ముడువోయిండు."

పరుగుకు ముందు గుర్రానికి కడుపునిండా నీళ్లు తాగిస్తే పరుగెత్తలేదు. రేసుల్లో అది పాత మోసం. హోటలంతా ఒక్కసారిగా చల్లబడింది. సీసం బిళ్లలు, దూరం, లగాం, సుడి అన్నీ పక్కకు పోయాయి. తిట్టడానికి ఒక మనిషి దొరికాడు కదా.

"పిల్లను నడిపిచ్చుకొని రమ్మన్న. ఎల్లుండి వస్తడు. అప్పజెప్పినంక వాన్ని గుంజకు కట్టేసి పోలీసులను పిలుస్తనా, ఊకె ఎల్లగొడ్తనా, చూడాలె. గా గుర్రాన్ని గూడ ఉంచ. జగదేవ్‌పూర్ టాంగావాడు అడుగుతుండు, ఇచ్చేస్త."

నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. దాచుకోవడం ఎందుకు, భయపడ్డాను. నిజం చెబితే ఎల్లయ్య పరువు నిలుస్తుంది, మెహందీ టాంగాకు పోదు. కానీ సేటు బండ్లు నా దుకాణం ముందుకు రావు, ఉస్తాద్ అన్న పిలుపు పోతుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో అన్నం సహించలేదు. మా అవ్వ నాకు ఎవరో కన్ను పెట్టారని మిరపకాయలు దిష్టి తీసి పొయ్యిలో పడేసింది.

ఎల్లయ్య మూడో నాడు మధ్యాహ్నం వచ్చాడు. సేటు కొట్టుకు పోవాలంటే మా దుకాణం దాటుకునే పోవాలి. ఆగకుండా పోతాడేమో, పోతే బాగుండుననుకున్నాను. ఆగాడు. మెహందీ నిలబడగానే కుడి ముందుకాలు కొంచెం ముందుకు చాపి, బరువు దాని మీద పెట్టకుండా నిలుచుంది. నాల్బందు కంటికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

"ఉస్తాద్, జర గీ కాలు చూడు," అన్నాడు ఎల్లయ్య. "పందానికి మూడు దినాల ముంగట్నుంచే గిట్ట వేడిగున్నది. ట్రైనర్‌కు చెప్పిన. కుంటుతలేదు గద అన్నడు. పందెం పొద్దున సల్లటి నీళ్లు బకెట్ల వోసి కాలు అండ్ల పెట్టిన. వేడి తగ్గుతదేమో అని. గది చూసి తాపిన అన్నరు."

"సేటుకు చెప్పినవా?"

"చెప్పిన. వింటడా?"

కాలు ఎత్తి ఒడిలో పెట్టుకుని సుత్తితో ఒక్కొక్క మేకు మీద మెల్లగా తట్టాను. మొదటిది, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడో మేకు మీద తట్టగానే మెహందీ కాలు గుంజుకుని నన్ను ఇసుకలో పడేసింది. పటకారు తెచ్చి మేకు పీకాను. కొన నల్లబడి తడిగా ఉంది. దాని వెంబడి ఒక చుక్క చీము. ఆ చుక్క బయటకు రాగానే మెహందీ పెద్దగా ఊపిరి వదిలి, తల తెచ్చి ఎల్లయ్య భుజం మీద ఆనించింది.

ఎల్లయ్య మేకు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఆనాడు నువ్వు చెవి కదిలిచ్చింది అన్నవు," అన్నాను.

"అన్న."

"మరి సేటుకు గా మాట ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఉస్తాద్‌వి. నువ్వు ఈగ అన్నవు. ఈగనే అనుకున్న."

నన్ను ఆయన నాలుగు తిట్టినా తట్టుకునేవాణ్ని. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. ఎల్లయ్యను అక్కడే ఉండమని, మేకు పిడికిట్లో పట్టుకుని హోటల్‌కు నడిచాను. సేటు, పంతులు, నర్సయ్య, అందరూ ఉన్నారు. మేకును చాయ్ బల్ల మీద పెట్టాను.

"మెహందీ ఓడింది దీనివల్ల," అన్నాను. "కొట్టింది నేను. కొట్టినప్పుడే తెలుసు నాకు. పటకారు పూజల ఉండెనని పీకలే. ఎల్లయ్య నీళ్లు తాపలే. బకెట్ల కాలు పెట్టిండు, నొప్పికి."

అందరూ తలదించుకుంటారని, సేటు నా మీద విరుచుకుపడతాడని అనుకున్నాను. అదేమీ జరగలేదు. ఎవరూ నమ్మలేదు.

"ఎల్లయ్యను కాపాడనీకి చెప్తున్నవ్ ఉస్తాద్. నీ మనసు మంచిది," అన్నాడు గఫూర్ సాబ్.

పంతులు మేకును పత్రిక కొనతో కదిపి చూశాడు. "గింత మేకుకు గుర్రం ఓడుతదా? బరువు సంగతి నేను చెప్పిన గద."

"అంత మంచి ఉస్తాద్ చెయ్యి ఆనాడే ఎందుకు తప్పింది?" అన్నాడు నర్సయ్య. "సుడి మహిమ గాదా అది?"

సేటు మేకును ముట్టుకోను కూడా లేదు. "ఏ మేకు పీకినా కొన నల్లగనే ఉంటది. ఎల్లిగాడు నీ కాళ్లు మొక్కిండా?"

నాకు నిజంగా కోపం వచ్చింది. మూడు రోజులు మింగలేక కక్కలేక ఉన్న మాటను బయట పెడితే, అది కూడా వీళ్ల వాదనలో ఒక ముచ్చట అయిపోయింది. "సేటూ, మీ గుర్రం కాలు మీరెన్నడన్నా పట్టుకున్నరా?" అని అడిగాను. నా గొంతు గట్టిగానే లేచింది. ఆయనతో అట్లా మాట్లాడడం అదే మొదలు. "ఒక్కసారి వచ్చి పట్టుకొని చూడున్రి. ఆనక నన్నేమన్న అనున్రి."

ఏమనుకున్నాడో, లేచాడు. హోటలంతా వెనకాలే వచ్చింది. ఎల్లయ్య గుర్రం పక్కన నిలబడి ఉన్నాడు. సేటును చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు, కళ్లెం మాత్రం వదల్లేదు.

సేటును ఇసుకలో కూర్చోబెట్టాను. తెల్లటి ధోతి, దాని మీద మసి. ఒక చెయ్యి ఎడమ గిట్ట మీద, ఒక చెయ్యి కుడి గిట్ట మీద పెట్టమన్నాను. పెట్టాడు. చేతులు మార్చి మళ్లీ పెట్టాడు.

"గిది వేడిగున్నది," అన్నాడు మెల్లగా.

కుడి కాలు ఎత్తి ఆయన ఒడిలో పెట్టాను. రెండు చేతులతో పట్టుకోమన్నాను. పటకారుతో గిట్టను అంచు చుట్టూ ఒక్కొక్క చోట మెల్లగా నొక్కుతూ వచ్చాను. గుర్రం కదల్లేదు. మూడో మేకు దిగిన చోట నొక్కగానే కాలు ఆయన చేతుల్లోనే వణికి, గుంజుకుంది. ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఇంకోసారి నొక్కబోతే పటకారుకు తన చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు, ఇగ ఒత్తకు," అన్నాడు.

బరువు, దూరం, సుడి గురించి ఎవరి నోటా మాట రాలేదు. సేటు ఇసుకలో కూర్చునే తల ఎత్తి ఎల్లయ్యను చూశాడు.

"బకెట్ కాలికేనా?"

"కాలికే సేటూ."

సేటు జారిన మాట వెనక్కి తీసుకోవడం ఎరగని మనిషని ముందే చెప్పాను. ఆ రోజూ తీసుకోలేదు. లేచి, ధోతి దులుపుకుని, "దీనికి మందేందో ఎల్లయ్యకు చెప్పు. వాడే చూసుకుంటడు," అని వెళ్లిపోయాడు. అంతకుముందు ఎల్లిగాడు అన్న నోటితో ఎల్లయ్య అన్నాడు. ఎల్లయ్యకు అది చాలింది. ఆయన గుర్రం మెడ చాటుకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

వేడి నీళ్లలో తవుడు కలిపి గుడ్డలో వేసి గిట్టకు కట్టాం. డాక్టర్లు దీన్ని పౌల్టీసు అంటారు. చీము లాగేస్తుంది. పూటపూటకూ మార్చాలి. ఎల్లయ్య మా దుకాణం పక్కనే పాక వేసుకుని, మెహందీ కాలు నేలకు గట్టిగా ఆనేదాకా ఉండిపోయాడు. సేటు బండ్లు మాత్రం ఏడాది దాకా నా దగ్గరికి రాలేదు. ఆ ఏడాది ఎలా గడిచిందో నాకు, మా అవ్వకు తెలుసు. తప్పు నాది గనుక ఆయన్ని ఒక్క మాట అనుకోలేదు. తర్వాత ఒకనాడు ఏమీ జరగనట్టే ఆయన బండి ఒకటి వచ్చి నిలబడింది. ఎద్దును పడగొట్టి పని మొదలుపెట్టాను.

మెహందీ ఎండాకాలం మొదట్లో మళ్లీ పరుగెత్తింది. రెండో స్థానం వచ్చింది. గఫూర్ సాబ్ హోటల్లో మళ్లీ వాదన. మొదటి స్థానం ఎందుకు రాలేదని. నేనూ పోయి కూర్చున్నాను కానీ నోరు విప్పలేదు. ఏ గుర్రం ఎందుకు ఓడిందో దాని కాలు పట్టుకోకుండా చెప్పడం ఆనాటితో మానేశాను.

ఈ పనిలో నాకు తెలిసినదంతా చివరికి ఒక్క మాటే. చెయ్యి తప్పడం నేరం కాదు, ఎంత పెద్ద నాల్బంద్‌కైనా తప్పుతుంది. తప్పిందని చెవి చెప్పిన తర్వాత ఈగ అనడమే నేరం. దవాఖానలో చేరాక నా కింద పని నేర్చుకున్న వాళ్లందరికీ ఇదే చెప్పాను. దబ్బుమంటే పీకు, ఎవరు చూస్తున్నా సరే పీకు.

ఆ తర్వాతి దసరాకు అవ్వ పనిముట్లన్నీ కడిగి పీట మీద పేర్చి, లెక్క తక్కువైందని వెతికింది. పటకారు నా నడుముకే ఉంది. ఇవ్వనన్నాను. దేవునికి పెట్టని పనిముట్టు ఇంట్లో ఉంటుందా అని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు కూడా గొణిగింది. ఆ తర్వాత అలవాటు పడింది. అప్పటి నుంచి ఈనాటి దాకా అన్ని పనిముట్లకూ పూజ చేస్తాను, పటకారుకు మాత్రం చేయను.

ఎల్లయ్య బతికున్నన్ని రోజులు దసరా సాయంత్రం జమ్మాకు పట్టుకుని మద్దూరు నుంచి మా ఇంటికి వచ్చేవాడు. బంగారమని నా చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకునేవాడు. ఆ అలాయ్ బలాయ్‌లోనే ఆయన చెయ్యి వెనక నుంచి నా నడుం తడిమి, పటకారు అక్కడ ఉందో లేదో చూసుకునేది. ఉందని తెలిశాకే లోపలికి వచ్చి కూర్చునేవాడు.